గుడ్డ చేపలు జాగ్రత్త

ఏమండీ, పాప లేచేలోపే వెళ్లిపోతున్నాను. పదకొండింటికి మీ చెల్లెలు వచ్చి తన బిడ్డను తీసుకెళ్తుంటే చూస్తూ నిలబడడం నా వల్ల కాదు. కుట్టు షాపులో సెలవు దొరకలేదని చెప్పండి.

పాప మొదటి పుట్టినరోజుకి చేసినవన్నీ బీరువా కింద అరలో ఉన్నాయి. యూనిఫాం ముక్కలతో కుట్టిన చేపలు ఇరవై రెండు, దండగా గుచ్చాను. చిక్కుపడకుండా అట్టకి చుట్టి ఇవ్వండి. పిల్లలు గాలం వేసి పట్టే కాగితం చేపలు వేరే డబ్బాలో పెట్టాను. వాటి మూతులకి అయస్కాంతాలున్నాయి, పాప చేతికి అందనివ్వొద్దని గట్టిగా చెప్పండి. ఏది దొరికినా నోట్లోకే పోతుంది. తాబేలు టోపీలకి రంగు ఇంకా ఆరలేదు, ఒకదాని మీద ఒకటి పెట్టకండి.

తనకి ఒంట్లో బాగోలేదని మీ చెల్లెలు నెల పసిగుడ్డును తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఇప్పుడు కోలుకుంది, సంతోషమే. కానీ ఇంకో తొమ్మిది రోజులు ఆగమ్మా, పుట్టినరోజు అయ్యాక తీసుకెళ్దువుగాని అని మీ నోటికి ఒక్క మాట రాలేదు. ఫోన్లో "నీ ఇష్టం తల్లీ" అనేశారు. నన్ను అడిగినా ఏమనేదాన్ని లెండి. ఎంత పెంచినా మన పిల్ల కాదుగా.

వంట చేసి మూతపెట్టాను. తినండి.

ఇంకో మాట. మొన్నటి నుంచి పాప నన్ను చూసి "అమ్మ" అంటోంది. ఆ సంగతి మీ చెల్లెలికి చెప్పకండి. తననే మొదట అలా పిలిచిందనుకోనివ్వండి.