పొద్దున్నే వచ్చేవాళ్ళు

నవంబరు 9, టాంగా

సబ్బు కొనడానికి పావుగంట పట్టింది. ఒళ్ళు రుద్దుకుంటున్నట్టు చేసి చూపిస్తే కొట్టువాడు దురద మందు తీసిచ్చాడు. పక్కనున్న ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, వేరే దారేముంది. టాంజానియాలో అడుగుపెట్టి పంతొమ్మిది రోజులు. వీళ్ళ స్వాహిలి నాకు రాదు, నా అమ్హారిక్ వీళ్ళకు రాదు. నా ఇంగ్లీషు నాకే సరిగ్గా అర్థం కాదు.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. మా ఊరు దెబ్రె బిర్హాన్‌లో చలి ముదిరిందట. ఎవరైనా కూలి తీసుకుని మూట మోస్తారు, నువ్వేంటే ఎదురు డబ్బిచ్చి మోస్తున్నావు అన్నాడు నాన్న. వీపున బ్యాగేసుకుని దేశాలు చూడ్డానికి బయల్దేరిన రోజు నుంచీ ఇదే పాట. మధ్యలో దగ్గు తెర వచ్చింది. మందు వేసుకుంటున్నావా అంటే, నువ్వొచ్చి వెయ్యి, వేసుకుంటా అన్నాడు. నెల తర్వాత వస్తాలే అన్నాను.

నవంబరు 12, పంగాని

నాన్న ఫోన్ అక్క ఎత్తింది. ఆయన నిద్రపోతున్నాడట. మధ్యాహ్నం మూడింటికి! వడ్రంగం మానేసి ఆరేళ్ళయినా పగలు నడుం వాల్చని మనిషి. పగలు పడుకునేవాళ్ళను మనుషుల్లోనే లెక్కెయ్యడు.

లేపు అన్నాను. ఎందుకే పాపం, పడుకోనీ అంది.

నవంబరు 13

ఈరోజు స్నానానికి వెళ్ళాడట.

నవంబరు 14, బుధవారం

అక్క నాతో తియ్యగా మాట్లాడుతోంది. సెనాయిత్ అక్క పుట్టి బుద్ధెరిగి నన్నొక్కసారి కూడా 'నా తల్లీ' అనలేదు. ఈరోజు నాలుగుసార్లు అంది. తిన్నావా నా తల్లీ. ఎండలో తిరక్కు నా తల్లీ. పెళ్ళి సంగతి ఎత్తలేదు, ఉద్యోగం మానేసినందుకు తిట్టలేదు. వెనకాల చాలా గొంతులు, కుర్చీలు జరుపుతున్న చప్పుడు. ఎవరే వాళ్ళంతా అంటే, పక్కింట్లో విందు అంది. మాకు బుధ, శుక్రవారాలు ఉపవాసం. మా వీధిలో బుధవారం విందు పెట్టేవాడెవడు?

మా దగ్గర చావు కబురు ఫోన్లో చెప్పరు. తెల్లవారుతుండగా, మనం ఇంకా కాఫీ కూడా తాగకముందే, అయినవాళ్ళూ ఇరుగుపొరుగూ గుంపుగా వచ్చి తలుపు తడతారు. పెద్దవాళ్ళలో ఒకరు నోరు విప్పుతారు. అప్పటిదాకా తెలిసినవాళ్ళందరూ అబద్ధం ఆడాల్సిందే. నేనూ ఆడాను. ఎదురింటి తిరునెష్ అత్త కొడుకు లారీ కింద పడి పోతే, ఆవిడ ఊరి నుంచి వచ్చేదాకా రెండు రోజులు ఫోన్లో నవ్వుతూ మాట్లాడింది నేనే. వాడికి చిన్న జ్వరం అత్తా, కంగారు పడకు అన్నాను. ఆ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కానీ నాకెవరూ చెప్పలేదు. నా తలుపు ఎవరూ తట్టలేదు. ఇక్కడ తట్టినా, అర్థమయ్యేలా చెప్పగలిగేవాడు లేడు. వాళ్ళు వచ్చేదాకా నాన్న ఉన్నట్టే.

నవంబరు 16, దార్ ఎస్ సలామ్

తప్పు చేశాను. మా పుల్లట్టు ఇంజెరా మీద ఆశతో మా దేశపామె జెనెబెచ్ హోటల్ వెతుక్కుంటూ పోయాను. ఏ ఊరే, ఎవరి పిల్లవే, ఒంటరిగా ఈ తిరుగుళ్ళేంటే పిచ్చిమొహమా, మీవాళ్ళెలా పంపారే అంటూ గుమ్మంలోనే పట్టుకుంది. నా భాష చెవిన పడి ఎన్ని రోజులైందో! శుక్రవారం కాబట్టి పప్పూ కూరలే, అయినా మూడుసార్లు పెట్టించుకున్నాను. నోరు నొప్పెట్టేదాకా వాగాను. ఊరు, వీధి, నాన్న పేరు, అన్నీ చెప్పేశాను. ఆమెకు మా ఊళ్ళో చుట్టాలున్నారట.

సాయంత్రం ఎవరితోనో ఫోన్లో మాట్లాడి వంటింట్లోంచి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయలు అంది. నా బ్యాగు తీసి తన గదిలో పెట్టింది. పొద్దున్నే ఎక్కడికీ పోకు బిడ్డా, కాఫీ కలిసి తాగుదాం, మనవాళ్ళు నలుగురు నిన్ను చూడ్డానికి వస్తామన్నారు అంది. నన్ను చూడ్డానికి నేనేమన్నా పెళ్ళికూతురినా.

నవంబరు 17, ఉదయం 4:40, బస్టాండు

ఆమె నిద్రలో ఉండగా బ్యాగు తీసుకుని పెరటి దారిన వచ్చేశాను. బస్సు ఎటు పోతుందో అడగలేదు. అడగడం రాదు కూడా.

నవంబరు 19, లిండి

సముద్రం పక్క ఊరు. చేపల మార్కెట్ వెనక బీబీ మ్వనాషా ఇంట్లో గది తీసుకున్నాను. భర్త పోయినావిడ, అరవై దాటి ఉంటాయి. అరుగు మీద కూర్చుని కొబ్బరి కోరుతూ పొద్దస్తమానం స్వాహిలిలో మాట్లాడుతుంది. నేను అమ్హారిక్‌లో జవాబు చెబుతాను. మా నాన్న కాఫీలో ఉప్పు వేసుకుంటాడు బీబీ అన్నాను. రెండు వేళ్ళు రంపానికి పోయినా మిగతా ఎనిమిదీ చాలంటాడు, ఒట్టి మొండిఘటం అన్నాను. ఆమె తల ఊపి, కోరాం గాల్లో తిప్పుతూ ఎవరినో దులిపేసింది. అల్లుణ్ణే అయ్యుండాలి, ఆ కోపం అలాగే ఉంది.

ఈమె చెప్పాలనుకున్నా నాకేమీ చెప్పలేదు. అందుకే ఇక్కడ ఉన్నాను. ఫోన్ ఆపేశాను.

నవంబరు 20

దగ్గు విని కూడా నెల అన్నాను.

నవంబరు 21

మర్నాటికే పూడ్చేసి ఉంటారు. నేనిప్పుడు విమానమెక్కినా చూసేది మట్టే. ఇన్ని రోజులూ ఆ మాటతోనే సరిపెట్టుకున్నాను.

ఈరోజు బట్టలు ఉతుకుతుంటే అక్క గుర్తొచ్చింది. ఇంటినిండా జనం ఏడుస్తుంటే, తను కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకుని, పెరట్లోకి వచ్చి నాతో స్నానం కబుర్లు చెప్పింది. రోజూ. మా ఇద్దరికీ ఉన్నది ఆ ఒక్క నాన్నే. దార్‌లో నేను ఆగి ఉంటే తనకు ఆ పని తప్పేది. నేను పారిపోయిన కొద్దీ తను అబద్ధం ఆడుతూనే ఉండాలి. పిరికిదాన్ని. స్వార్థపరురాల్ని కూడా.

ఫోన్ ఆన్ చేశాను. అరవై ఒక్క మిస్డ్ కాల్స్. లిండి, బీబీ మ్వనాషా ఇల్లు అని అక్కకు మెసేజ్ పెట్టాను. గోడ మీద రాసున్న బీబీ నంబరు కూడా పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు అని రాయబోయాను. తెలుసు.

నవంబరు 22

మధ్యాహ్నం బీబీ ఫోన్ మోగింది. ఆమెకు అవతలి మాట అర్థం కాక, ఇంగ్లీషు వచ్చిన స్కూలు మాస్టారి కోసం పరిగెత్తింది. ఆయన నాకు వీపు పెట్టి చాలాసేపు మాట్లాడాడు, బీబీ పక్కనే నిలబడి వింది. ఆ తర్వాత కొబ్బరి కోరలేదు. సాయంత్రం చేపలో పెద్ద ముక్క నా పళ్ళెంలో పెట్టి అటు తిరిగింది. పక్కింటి ఆడవాళ్ళు వచ్చి, నన్ను చూసి వెళ్ళారు.

ఈసారి నేను బ్యాగు సర్దలేదు.

నవంబరు 23

తెల్లవారుతుండగా తలుపు తట్టారు. పదకొండుమంది. చేపలమ్మేవాళ్ళు, ఆటో అతను, మాస్టారు. ముందు బీబీ. నా భాష ఒక్కరికీ రాదు. మాస్టారు ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టబోతే బీబీ చేత్తో ఆపింది. నా రెండు చేతులూ పట్టుకుని నాన్న పేరు పలికింది. జెరిహున్ బెయెనె. ఎన్నిసార్లు అనుకుని నేర్చుకుందో, ఒక్క అక్షరం తప్పు పోలేదు.

మాస్టారి చేతిలోని ఫోన్లో అక్క ఉంది. అప్పుడు ఏడ్చింది, నాకు వినబడేలా.