ఉపవాసం విడిచిన గురువారం

బుజ్జవ్వా,

చెల్లె రూతు పోయిన దగ్గరి నుంచి నువ్వు సరిగ్గా అన్నం ముట్టడం లేదని మీ హాస్టలు వార్డెనమ్మ ఉత్తరం రాసింది. రూతు బాగుపడాలని ఆ గురువారం మనమందరం ఉపవాసముందామని నేనే నీకు రాసినాను. నువ్వు ఆకలికి ఆగలేక ఉప్మా తిన్నావట. అందుకే మరునాడు చెల్లె చనిపోయిందని ఏడుస్తున్నావట.

బిడ్డా, మీ కన్నతల్లిని నేను కూడా ఆ రోజు తిన్నాను. ఈ మాట మీ బాపుకు గాని, సంఘంలో గాని చెప్పలేదు. రూతుకు గంజి తాగిస్తూ ఆకలికి కండ్లు తిరిగి గోడకు ఒరిగినాను. అది చూసి రూతు, "అవ్వా, నువ్వు గిట్ల పడిపోతే నన్నెవరు లేపి కూసోబెడ్తరే? నీ బదులు నేను ప్రార్థన చేస్త గని, నువ్వు తాగు" అన్నది. నవ్వుకుంటూనే అన్నది. దాని గిన్నెలో మిగిలిన గంజి నేను తాగినాను. అది కండ్లు మూసుకొని ప్రార్థన చేసింది.

దాని గుండె బాగా చెడిపోయిందని బెల్లంపల్లి డాక్టరు వానకాలమే చెప్పినాడు. మందులు ఒక్క పూట తప్పలేదు. ప్రార్థనా తప్పలేదు. దేవుడు ఎందుకు వినలేదో నాకు తెలియదు. పాస్టరయ్యగారిని అడిగితే, "నాకు గూడ తెల్వదమ్మా" అన్నాడు. కానీ నువ్వు ఇంత ఉప్మా తిన్నావని పిల్లను తీసుకుపోయే దేవుణ్ణి నేను ఇన్నేండ్లు పిలువలేదు.

నీకు నిండా పన్నెండేండ్లు లేవు. నిన్ను ఉపవాసముండుమని రాయడం నా తప్పు.

ఆదివారం బాపు జొన్న గట్క, పప్పు పట్టుకొని వస్తున్నాడు. ఆయన ముందర కూర్చుండి కడుపునిండా తిను.