జీపు డోరుకి ఏ క్లియర్

అరకు,
జనవరి నెలాఖరు

ప్రియమైన నిర్మలకి,

ఇక్కడ పాపతో సహా అందరం బాగున్నాం. పొగమంచు పదింటి దాకా వదలడం లేదు. గుమ్మలక్ష్మీపురం పైన కొండల్లో ఇంకా చలిగా ఉంటుందేమో, నువ్వు చదువు చెప్పే హాస్టల్ పిల్లలకి జలుబులు తగ్గాయా? మీ టవర్ ఎప్పుడు బాగుచేస్తారో గాని, నీతో ఒక మాట చెప్పాలంటే పోస్టాఫీసుకి నడవాల్సి వస్తోంది. ఫోన్లో అయితే ఇద్దరం అరుచుకుంటాం కాబట్టి ఇదీ ఒకందుకు మంచిదే.

ఒక మంచి కబురు. కొత్తగా కట్టిన రిసార్టు వాళ్ళు టూరిస్టులని తిప్పడానికి మన జీపుని పెట్టుకుంటామన్నారు. ఏడాది పొడుగునా పని. కాకపోతే వాళ్ళ జీపులన్నీ ఒకేలా, నల్లగా, అద్దంలా మెరుస్తూ ఉండాలట. రంగు వాళ్ళే ఇస్తారు. రంగు మీద మెరుపుకీ కాపుదలకీ కొట్టే పూత ఉంటుంది చూడు, క్లియర్ అంటారు, అది మాత్రం మనం ఎంచుకోవాలి. జీపుని ప్రవీణ్ షెడ్డులో పెట్టాను. గుర్తున్నాడు కదా, అనకాపల్లి నుంచి వచ్చిన పెయింటరు. అతను రెండు రకాలు చూపించాడు. హార్డనర్ కలిపి కొట్టే గట్టి క్లియర్ ఏళ్ళ తరబడి చెక్కుచెదరదట. ఏమీ కలపకుండా కొట్టే మెత్తటిది రెండు వానాకాలాలకే పాలిపోతుందట. రంగుల సంగతి నీకే బాగా తెలుసు. ఏది వేయించమంటావు?

డోర్ల మీద పాత పెయింటు గీకేసి రిసార్టు వాళ్ళ స్టిక్కర్లు అంటించాలట. అదొక చిన్న పని.

జవాబు బేగి రాయి.

నీ
కామేష్


ప్రియమైన బావకి,

'ప్రియమైన' అని అలవాటు కొద్దీ రాశాను, పొంగిపోకు.

ఉత్తరమంతా క్లియర్ గురించి ఊదరగొట్టి, చివర్లో చీమ తలకాయంత అక్షరాలతో 'పాత పెయింటు' అని రాశావే, అది ఎవరి పెయింటు? నీకు చేతులెలా వచ్చాయి ఆ మాట రాయడానికి? మన పెళ్ళైన ఏడాది ఆ డోర్లు తుప్పు పట్టి ఉంటే, బి.ఇడి. సెలవుల్లో ఎనామెల్ డబ్బాలు కొని తెచ్చి, వాకిట్లో గోనెపట్టా పరుచుకుని కూర్చుని వేశాను. ఎడమ డోరు మీద సంత దారి. కుడి డోరు మీద చేతులు పెనవేసుకుని థింసా ఆడే ఆడవాళ్ళు, వాళ్ళ కాళ్ళ మధ్య మా అమ్మ కోడి. ఇటుకల పండక్కి గోడ అలికి, తడి బియ్యప్పిండిలో వేలు ముంచి అమ్మ వేసే బొమ్మలే అవి. గోడ మీది బొమ్మ మళ్ళీ ఏడు అలికితే పోతుంది. ఇవైనా నిలుస్తాయని రేకు మీద వేశాను.

నీ జీపు ఎక్కకపోయినా ఆ డోరు పక్కన నిలబడి ఫొటో దిగేవాళ్ళు ఎంతమంది? కిందటేడు ఒకాయన పెద్ద కెమెరాతో వచ్చి గంటసేపు తీశాడు. మురిసిపోయి టీ కూడా తాగించావు. ఇప్పుడది చిన్న పని అయిపోయింది నీకు.

ఇంతకీ ఆ స్టిక్కర్ల మీద ఏముందో రాయలేదు. పులులా, విమానాలా?

నీ ప్రశ్నకి నా జవాబు ఇదొక్కటే. నా బొమ్మలని పాడుచేయకుండా కాపాడే క్లియర్ ఏదో ప్రవీణ్‌ని అడుగు. అదే వేయించు.

ఇంకా కోపంగానే ఉన్న
నిర్మల


ప్రియమైన నిర్మలకి,

కోపం నీ ఒక్కదాని సొత్తు కాదు. నాకూ ఉంది.

నువ్వు సెలవులకి వస్తావు, డోరు చూసి మురుస్తావు, వెళ్ళిపోతావు. మిగతా రోజులన్నీ స్టాండులో నిలబడేది నేను. టూరిస్టులు మెరిసే బండి వైపు పోతారు. పెచ్చులూడిన బండిని చూసి, ఘాట్ రోడ్డు మీద ఇది బతుకుతుందా అని మొహం మీదే అడుగుతారు. నీ బొమ్మలకి ఫొటో దిగి, పక్క జీపు ఎక్కుతారు. ఆ సంగతి నీకెప్పుడైనా చెప్పానా? బాధపడతావని మింగాను.

అయినా నీ మాట తీసెయ్యలేదు. ప్రవీణ్‌ని అడిగాను. వెనక రేకు మీద నువ్వు వేసిన చిన్న పువ్వు ఉంది కదా, దాని మీద గట్టి క్లియర్ కొట్టి చూశాడు. కాసేపటికి ఎనామెల్ పాల మీగడలా ముడతలు పడి లేచిపోయింది. "సూసావా బావా, పాత ఎనామెల్ దీన్ని తట్టుకోలేదు. కొడితే బొమ్మంతా పొంగిపోద్ది, తరవాత నన్ననకు" అన్నాడు. మెత్తటిది పలచగా కొడితే బొమ్మకి ఏమీ కాదట. కానీ రిసార్టులో బండ్లని రోజూ ప్రెషర్ పంపుతో కడుగుతారు. మెత్తటిది ఆగదు, వద్దని మేనేజర్ వీరభద్రరావు గారు ఖాయంగా చెప్పేశారు. గట్టి క్లియర్ కావాలంటే బొమ్మలు పోవాలి. బొమ్మలు కావాలంటే పని పోవాలి. నా చోట నువ్వుంటే ఏం చేస్తావు?

గట్టిదే వేయిస్తున్నాను. గీకుడు ఈ వారమే.

స్టిక్కర్ల మీద పులులు లేవు, గిరిజన బొమ్మలే. విశాఖపట్నంలో కంప్యూటర్ మీద చేయించారట. నమూనా ముక్క ఒకటి ఇందులో పెట్టాను. చూడు, మరీ అంత అన్యాయంగా లేవు.

అర్థం చేసుకుంటావని,
కామేష్


బావా,

ఈసారి 'ప్రియమైన' లేదు.

నీ ఉత్తరం అందగానే సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి ఫోన్ చేశాను. మళ్ళీ సాయంత్రం ఎక్కి చేశాను. నువ్వు ఎత్తలేదు. షెడ్డులో కంప్రెసర్ మోతలో నీకేం వినిపిస్తుంది! మా ఫల్గుణ మాస్టారు చుట్టాల ఇంట్లో పెళ్ళికి రేపు అరకు వస్తున్నారు, ఆయన చేతికి ఇది ఇస్తున్నాను. నీ చేతిలో గరుకు కాగితం ఉంటే ముందు కింద పెట్టు.

నువ్వు పంపిన ముక్కలో కోడి ఉంది. దాని కాళ్ళు లెక్కపెట్టు.

మూడు.

ఏ కోడికి మూడు కాళ్ళుంటాయి, బావా? నేను గీస్తుంటే నువ్వు జీపు లోపలికెక్కి డోరు లాగావు. కుంచె జారి కోడి కడుపు కింద గీత పడింది. నేను ఏడుపు మొహం పెట్టాను. తుడిచేద్దామని నువ్వు గుడ్డ తెచ్చావు. మా అమ్మ సోములమ్మ ఉరిమి చూసింది. గోడ మీద వేలు జారినా తను ఏనాడూ చెరపలేదు, ఆ గీతనే ఇంకేదో చేసేది. "సెరపకే గుంటా, దానికీ ఓ కాలెట్టీ" అంది. పెట్టాను. నువ్వు పడీపడీ నవ్వావు. నీ వల్ల మొలిచిన కాలు అది!

కెమెరా పట్టుకొచ్చినవాడు ఎవడో ఇప్పటికైనా తెలిసిందా? నా బొమ్మని ఎత్తుకుపోయి, కంప్యూటర్‌లో పెట్టి, ప్లాస్టిక్ మీద అచ్చేసి, దాన్ని అంటించడానికి నా బొమ్మనే గీకేయమంటున్నారు. పైగా దాని మీద గట్టి క్లియర్ కొట్టి ఏళ్ళ తరబడి కాపాడాలట! నా ఒళ్ళు మండిపోతోంది. వాళ్ళ మీద ఎంత కోపమో, నీ మీద అంతకంటే ఎక్కువ. వాళ్ళకి నేనెవరో తెలియదు. నువ్వు ఇన్నేళ్ళు ఆ డోరు తీస్తూ వేస్తూ తిరిగావు. ముక్క చేత్తో పట్టుకుని కవర్లో పెట్టావు. గుర్తుపట్టలేదు.

గీకేసి ఉంటే ఆ సంగతి రాయి. దాచకు.

నిర్మల


ప్రియమైన నిర్మలకి,

దాచను. ఫల్గుణ మాస్టారు షెడ్డుకి వచ్చేసరికి ఎడమ డోరు గీకేశాం. సంత దారి లేదు, రేకు బయటపడింది. కుడి డోరుకి నీళ్ళు చల్లి గీకడానికి సిద్ధం చేశాం. ఉత్తరం చదివి కోడి దగ్గర కూర్చున్నాను. నీ ఉత్తరం ప్రవీణ్‌కీ చదివి వినిపించాను. అతను కంప్రెసర్ కట్టేసి, స్పానర్ తెచ్చి, కుడి డోరు బోల్టులు విప్పడం మొదలెట్టాడు.

ఆ డోరుని ఆటోలో వేసుకుని రిసార్టుకి వెళ్ళాను. వీరభద్రరావు గారి బల్ల మీద పెట్టాను, పక్కన వాళ్ళ స్టిక్కరు పరిచాను. ఆయన అటూ ఇటూ చూసి ఏమన్నాడో తెలుసా? "మా స్టిక్కరు సూసి గీయించీసావేటి? బాగానే ఉంది గానీ, మాకీ సేతి బొమ్మలొద్దు" అన్నాడు. నేను కాపీ కొట్టించానట! నిర్మలా, నా చెవులు వేడెక్కిపోయాయి. రంగు కింద తుప్పు చూపించాను, వెలిసిన అంచులు చూపించాను. మన పాపని తొలిసారి ఇంటికి తెచ్చిన రోజు, అదే డోరు పక్కన దిగిన ఫొటో సెల్లులో చూపించాను.

అప్పుడు మాట మార్చాడు. "అయితే మాత్రం ఏటి? మీ వోల్ల బొమ్మలే కదా. వీటికి సొంతదారెవులుంటారు? నలుగురికీ తెలిత్తంటే సంతోషించాలి గానీ" అన్నాడు.

"మా వోల్ల కోళ్ళన్నిటికీ రెండే కాళ్ళండి. మూడు కాళ్ళది మా ఇంట్లోదొక్కటే" అన్నాను.

నేను పని వద్దని చెప్పి డోరు ఎత్తుకుని వచ్చేశాను. ఆ బొమ్మలు వాడుకోవద్దని ఒక కాగితం రాసి ఇవ్వాలి, అది నువ్వే రాయి. నీ కోపం నాకంటే బాగా చదివిస్తుంది.

మర్నాడు మంచు విడిచి ఎండ కాశాక ప్రవీణ్ కుడి డోరుకి మెత్తటి క్లియర్ కొట్టాడు. చెమ్మలో కొడితే తెల్లగా మసకబారుతుందని మధ్యాహ్నం దాకా ఆగాడు. పొగలా పలచగా కొట్టి, ఆరనిచ్చి, మళ్ళీ కొట్టాడు. దగ్గరికి వంగి చూశాను. ఒక్క ముడత పడలేదు. థింసా ఆడేవాళ్ళ చీరల ఎరుపు తడి చేసినట్టు పైకి తేలింది. రెండు వానాకాలాలకి పాలిపోతుంది, నాకు తెలుసు. పాలిపోతే మళ్ళీ కొట్టిస్తాను. మిగతా బండికి గట్టిది. రంగు నువ్వు చెప్పు.

ఎడమ డోరు ఖాళీగా ఉంది. తుప్పు పట్టకుండా ప్రైమర్ మాత్రం వేయించాను. దాని మీద ఇంకేమీ పడనివ్వను.

రమ్మని అడిగే మొహం లేక, అయినా అడుగుతూ,
కామేష్


ప్రియమైన బావకి,

ఈసారి అలవాటు కొద్దీ కాదు.

అలాగని ఎడమ డోరుని క్షమించాననుకోకు. ఆ సంత దారిలో విస్తళ్ళు కుట్టే అడ్డాకుల మోపు ఎత్తుకుని నడిచేది మీ అమ్మ. ఆమెకి నువ్వే చెప్పుకో.

రిసార్టు వాళ్ళకి కాగితం రాశాను, ఇందులోనే ఉంది. మర్యాదగా మొదలుపెట్టాను. రెండో పేజీకి మర్యాద అయిపోయింది. అలాగే ఇచ్చెయ్.

బండికి ఆకుపచ్చ వేయించు, కాఫీ ఆకు రంగు. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే వస్తాను. ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు ఎనామెల్ తెచ్చి ఉంచు. గోనెపట్టా ఉతికి ఆరెయ్. కొత్త ఎనామెల్ బాగా ఆరేదాకా ఏ క్లియరూ కొట్టొద్దని ప్రవీణ్‌కి ఇప్పుడే చెప్పు, తొందరపడతాడు.

ఇంకొకటి. నేను గీస్తుండగా చెప్పకుండా లోపలికెక్కి డోరు గట్టిగా లాగు. రేపు ఎవడైనా ఎత్తుకుపోతే పట్టుకోవడానికి, ఎడమ డోరుకీ మనదంటూ ఒక తప్పు ఉండాలి.

వస్తున్నాను.

నీ
నిర్మల