మన హాల్లో గట్టిగా చదివాను

శకుంతలక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీకు చెప్పుకోవాల్సిన సంగతి కూడా ఇవాళే జరిగింది.

ఇప్పుడు మన కోరుట్ల లైబ్రరీ వాళ్లం కథలు చదివి, ఫోన్లో రికార్డు చేసి, బీడీలు చుట్టే ఆడవాళ్లకు వాట్సాప్‌లో పంపాలట. దానికి వీడియో కాల్‌లో శిక్షణ పెట్టారు. జగిత్యాల, సిరిసిల్ల లైబ్రరీల వాళ్లంతా తెర మీద ఉన్నారు. నా వంతు రాగానే చదివాను. ఎవరికీ వినపడలేదు. మైకు నొక్కాను, ఆపాను, మళ్లీ నొక్కాను. ఈ వయసులో నాకీ పని రాదని అందరి ముందూ తేలిపోయిందనుకుని చెమటలు పట్టాయి.

అప్పుడు సిరిసిల్ల రాజేశం నవ్వి, శిక్షణ ఇచ్చే సారుతో అన్నాడు. "మైకు మంచిగనే ఉన్నది సార్. గామె శకుంతలక్క దగ్గర పని నేర్చుకున్నది. పేజీ తిప్పినా సప్పుడు కావద్దనేది గదా అక్క!"

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. హమ్మయ్య, తప్పు ఫోనుది కాదు, నాదీ కాదు, నీది!

హాల్లో పేపరు చదువుకుంటున్న మల్లయ్య తాత వైపు బెరుగ్గా చూశాను. "గట్టిగ సదువు బిడ్డా, మేం గూడ ఇంటం," అన్నాడు.

గొంతెత్తి చదివాను. కాల్‌లో రికార్డయిన దాన్నే వాట్సాప్‌లో పంపితే, సాయంత్రం రాయికల్ నుంచి ఒకామె జవాబు పెట్టింది: "చేతులకే పని గాని చెవులు ఖాళీయే గదా అక్కా. రేపు గింకోటి పెట్టు."

చదివేటప్పుడు మధ్యలో ఒక్కసారి మాత్రం ఆగిపోయానక్కా. 'ష్' అంటావేమోనని నీ కుర్చీ వైపు చూశాను.

అనలేదు. కథ పూర్తి చేశాను.

నీ సుజాత