తెర మీద బొట్టు

నవంబరు 4
మళ్లీ అదే చప్పుడు. హిమాయత్ సాగర్ ఫొటో తెర మీద పడగానే మా కోతి రాణి మెదడులో సన్నటి తీగ గుచ్చిన ఆ ఒక్క కణం స్పీకర్లో టకటకమంటుంది. బండరాళ్ల ఫొటోకి ఉలుకూ పలుకూ ఉండదు. "నీళ్లను గుర్తుపట్టే కణమమ్మా ఇది!" అని మా ల్యాబ్ హెడ్ సార్ గంతులు. రాణికి తల కదలకుండా బిగింపు, కళ్లు తిప్పనందుకు చెంచాడు పళ్ల రసం. మాకు పరిశోధన పేపరు. రోత.

నవంబరు 6
సార్ పేపరు అచ్చుకు పంపేశారు. రాణితో పనైపోయిందట. సోమవారం మత్తిచ్చి చంపి, మెదడు కోసి చూస్తారట. సమోసా నములుతూ చెప్పారు ఆ మాట — ఛీ.

నవంబరు 7
రాణికి అరటిపండు పెడుతూ, కోతుల్ని చూసుకునే యాదమ్మ దానితో: "ఏంది బిడ్డా, గిట్లున్నవ్? జర తిను."

నవంబరు 8
ఎందుకో అనుమానం. ఖాళీ తెల్ల తెర వేశాను. నీళ్లు లేవు, ఏమీ లేవు — అయినా టకటక! రాణి చూపు నిలిపే గుర్తును కాస్త పక్కకు జరిపాను. ఆగిపోయింది — చూపుతో పాటు కణం చూసే చోటూ జరిగిందన్నమాట. లేచి వెళ్లి చూస్తే తెరకు కుడివైపు కింద కుంకుమ బొట్టు. దసరాకు ఆయుధపూజ చేసి సార్ స్వయంగా పెట్టినది. పండగ బొట్టని ఎవరూ తుడవలేదు. నీళ్ల వెలుగులో నల్ల చుక్కలా కనబడుతుంది, రాళ్ల నీడలో కలిసిపోతుంది. కణం చూసింది ఆ చుక్కను. నీళ్లూ లేవు, గాడిదగుడ్డూ లేదు!

నవంబరు 9
ఆదివారమైనా సార్‌ని పిలిచి చూపించాను. జేబురుమాలు తీసి తుడిచేశారు. తుడిచి, వేళ్లు కళ్లకద్దుకున్నారు కూడా! "ఏ బొట్టమ్మా? అనవసరంగా బుర్ర పాడుచేసుకోకండి. రేపటి పని చూడండి."

పైవాళ్లకు చెబితే కొలతలన్నీ మొదటికి. రాణి బతుకుతుంది — అదే కుర్చీలో, అదే బిగింపులో. చెప్పకపోతే రేపటితో సరి. ఏది దయ?

నవంబరు 10
పొద్దున్నే రాణిని కుర్చీ ఎక్కిస్తూ యాదమ్మ: "ఇయ్యాల ఏం ఫొటోలు జూపిస్తరు బిడ్డా?" ఆమెకెవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నా మీద నాకే అసహ్యం.

జంతువుల మీద ప్రయోగాలకు అనుమతులిచ్చే కమిటీ మేడంకు ఫోన్ చేశాను. "హలో... ఎవరండీ?" సరిగ్గా అప్పుడే నెత్తి మీదుగా విమానం. ఆ రొద వంకతో పెట్టేశాను.

వరండాలో కూర్చుని రాస్తున్నాను. రాణికి మత్తిచ్చే డాక్టరు కారు గేటులోకి వచ్చింది. ఫోన్ మోగుతోంది — మేడమే.