నొక్కి పట్టే మనిషి

కాటన్‌పేట, బెంగళూరు
9 ఆగస్టు 2004

తమ్ముడు రియాజ్‌కు,

దేవదానం సలామూ వందనమూ రెండూ పెడుతున్నాడు, నీకు ఏది కావాలంటే అది తీసుకో. ఫర్హానా చెల్లెమ్మ ఆరోగ్యం బాగుందనీ, కడపలో మీ బావమరిది స్పేర్‌పార్టుల షాపులో నువ్వు సుఖంగా ఉన్నావనీ తలుస్తాను. మరీ సుఖంగా ఉంటే మాత్రం నాకు నష్టమే. నిన్ను మళ్ళీ రమ్మని అడగడానికే ఈ ఉత్తరం. డొంకతిరుగుడుగా చెప్పడం నాకు చేతకాదు. రా. షెడ్డులో సగం నీదేనని అప్పుడే అన్నాను, ఇప్పుడూ అదే అంటున్నాను.

నువ్వు అలిగి వెళ్ళిపోయి రెండేళ్ళు కావస్తోంది. "ఎన్ని తూర్లు అడిగినా పలకవు, నేను నీకు మనిషి మాదిరి కనపడల్యా అన్నా" అని స్పానరు కింద పెట్టి పోయావు. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు పని కబుర్లు చెప్పనీ.

బెళ్ళందూరు వైపు ఆఫీసులు లేచాక బయటి దేశాల పాత బళ్ళు కొనే కుర్రాళ్ళు ఎక్కువయ్యారు. పోయిన వారం ఓంకార్ అనే సాఫ్ట్‌వేర్ అబ్బాయి నాలుగు సిలిండర్ల జపాన్ బండి తెచ్చాడు. మామూలు బళ్ళలాగా స్క్రూ తిప్పి వాల్వు సందు సరిచేసేది కాదు. ప్రతి వాల్వుకీ నెత్తిన ఇనప బిళ్ళ, అదే షిమ్ము, ఉండే రకం, బిళ్ళ మందాన్ని బట్టే సందు. నీకు ఇష్టమైన రకం. సాయంత్రానికల్లా ఇచ్చెయ్యమన్నాడు. వేడి మీద కొలిస్తే సందు అబద్ధం చెబుతుంది నాయనా, బండి ఈ రాత్రికి ఇక్కడే పడుకోవాలి, నువ్వు బస్సులో పోవాలి అన్నాను. మొహం మాడ్చుకుని పోయాడు.

పొద్దున చల్లారిన ఇంజిను మూత విప్పాను. ఒక పక్కన క్రాంకు తిప్పడం, లేచి ఇటు వచ్చి వాల్వును నొక్కే క్యాము ముక్కు బిళ్ళను వదిలి అవతలికి తిరిగిందో లేదో చూడడం, ఫీలర్ గేజి కొలత రేకు సందులో దూర్చడం, మళ్ళీ అటు పోవడం. నువ్వుంటే నువ్వు తిప్పేవాడివి, నేను చూసేవాణ్ణి. ఎగ్జాస్టు వాల్వుల్లో ఒకటి బాగా బిగిసిపోయింది, అన్నిటికంటే పల్చని రేకు కూడా దూరలేదు. టకటకమనే వాల్వుతో భయం లేదు, చప్పుడు లేకుండా బిగిసిందే కాలిపోతుంది. నీకు తెలియంది కాదు.

ఇక బిళ్ళ మార్చాలి గదా. టైరు లీవరు అరగదీసి నువ్వు చేసిన ఆ కొక్కెం ఇంకా నా పెట్టెలోనే ఉంది. దాంతో ఒకరు వాల్వును కిందికి నొక్కి పట్టాలి, ఇంకొకరు అయస్కాంతంతో బిళ్ళను లాగాలి. నూనెకు అతుక్కున్న బిళ్ళ అంత తేలిగ్గా వస్తుందా? కొక్కేన్ని పాత సైకిలు ట్యూబుతో ఫ్రేముకు కట్టి ప్రయత్నించాను. జారింది. బొటనవేలి గోరు నల్లబడిపోయింది. ఆ నొప్పిలో, కొంచెం పట్టుకోరా అని పక్కకు తిరిగి అనేశాను రియాజ్. పక్కన ఎవరిదో స్కూటరు స్టాండు వేసి ఉంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చాను. నీ దగ్గర చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ట్యూబును ఇంకా బిగించి కట్టాక చివరికి పని అయింది. ఇంకో వాల్వు వదులుగా ఉంది. మైక్రోమీటరుతో కొలిచి చూస్తే దాని పల్చటి బిళ్ళ బిగిసినదానికీ, బిగిసినదాని మందపాటి బిళ్ళ దీనికీ సరిగ్గా సరిపోయాయి. కొత్త బిళ్ళ కోసం ఊరంతా తిరిగే బాధ తప్పింది. ఇట్లాంటి రోజున నువ్వు బిరియానీ తినాల్సిందేనని పట్టుబట్టేవాడివి. నేను ఆ పూట పెరుగన్నం తిన్నాను. ఓంకార్ వచ్చి స్టార్ట్ చేసి, వంగి విని, బాగుందన్నట్టు చెయ్యి ఊపి పోయాడు.

ఇక ఊరి కబుర్లంటే పెద్దగా ఏమీ లేవు. కృష్ణప్ప టీ కొట్టుకు పోవడం మానేశాను. ఒకరోజు ఎదురుగా వచ్చి నిలబడి, "నీకు శానా పొగరయిపోయిందప్పా, పిలిస్తే తిరిగి చూసేదే లేదు" అని నలుగురిలో అరిచాడు. తల వంచుకుని వచ్చేశాను. చర్చికి పోతాను గానీ, ఆఖరి బెంచీలో కూర్చుని పాటలు మొదలవకముందే లేచి వచ్చేస్తాను. ఆదివారం మధ్యాహ్నాలు గడవడమే కష్టంగా ఉంది. షెడ్డు తలుపు తీసి, ఊడ్చిందే ఊడ్చి, మళ్ళీ మూసేస్తాను.

చెల్లెమ్మకు నా ఆశీస్సులు. రావడం కుదురుతుందో లేదో ఒక కార్డు ముక్క రాయి.

ఇట్లు,
నీ అన్న,
దేవదానం

తా.క.: కవరు అంటించి మళ్ళీ చింపాను. తర్వాత వస్తానన్న సంగతి రాయకుండానే సంతకం పెట్టేశాను. నాకు చెవులు పోయాయి రియాజ్. ఎడమది నువ్వుండగానే పోయింది, కుడిది పోయిన క్రిస్మస్ నుంచి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి పోల్చుకుంటాను, అంతే. నువ్వు ఎప్పుడూ నా ఎడమ పక్కనే కూర్చుని క్రాంకు తిప్పేవాడివి. ఆపాలా అన్నా, ఇంకా తిప్పాలా అని ఆ రోజు అడుగుతూనే ఉన్నావని, నువ్వు లేచి అరిచాకే నాకు తెలిసింది. చెవిటి మెకానిక్కుకు బండి ఎవరిస్తారని భయపడి ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పలేదు. పొగరుబోతు అనిపించుకోవడమే మేలనుకున్నాను. బిళ్ళలు వేళ్ళతో మార్చగలను. కానీ స్టార్ట్ చేశాక ఇంజిను ఎట్లా ఉందో విని నాకు చెప్పే మనిషి కావాలి. ఆ మనిషివి నువ్వయితే బాగుండు. ఒకవేళ వస్తే గేటు దగ్గర నుంచి పిలిచి, పలకలేదని వెనక్కి పోవద్దు. లోపలికి వచ్చి నా భుజం మీద చెయ్యి వెయ్యి.