తిల్లీకి కోపం తెప్పించాలి

ఆగస్టు 12, 1942. బుధవారం. రివ్‌సాల్ట్ క్యాంపు, ఫ్రాన్స్

నిన్న మా యూదుల్లో కొందర్ని ఎక్కించుకుని మొదటి ట్రైను వెళ్లింది. ఎక్కడికో ఎవరూ చెప్పరు. పోలండ్‌లో పనికట. మంచం పట్టిన ముసలమ్మని కూడా ఎక్కించారు, ఆవిడ చేత ఏం పని చేయిస్తారో మరి. నాకు భయంగా ఉంది. రాసుకుంటే తగ్గుతుందనుకున్నా. తగ్గలేదు.

మధ్యాహ్నం ఒడిల్ వచ్చింది. పిల్లలకి పాలు పంచే సంఘం అమ్మాయి. సోమవారం ఆరుగురు పిల్లల్ని లారీలో బయటికి తీసుకెళ్తుందట. సముద్రం ఒడ్డున వాళ్లకో ఇల్లుందట. మా అమ్మాయి తిల్లీకి చోటుంది. తల్లులకి లేదు. ఒకటే షరతు, గేటు దగ్గర ఎవరూ ఏడవకూడదు. పోయినవారం ఒక పిల్లాడు అమ్మ కావాలని గోల పెడితే గార్డు లారీలో ఉన్న అందర్నీ దింపేశాడు.

తిల్లీకి ఆరేళ్లు. నేను పాయిఖానాకి వెళ్లినా గౌను అంచు పట్టుకుని వెనకాలే వస్తుంది. ఇంతకుముందున్న గూర్స్ క్యాంపులో వాళ్ల నాన్న జ్వరంతో పోయినప్పటి నుంచీ అంతే.

ఆగస్టు 13

బతిమాలాను. సముద్రం అన్నాను, పాలు అన్నాను, అక్కడ ఆవు కూడా ఉందన్నాను. ఉందో లేదో నాకేం తెలుసు! నువ్వూ వస్తావా అంది. తర్వాత వస్తానన్నాను. నాన్న కూడా అలాగే చెప్పాడంది. నా మెడ పట్టుకుని వేలాడింది. విడిపించబోయిన ఒడిల్ చేయి కొరికేసింది.

ఒడిల్ నన్ను బయటికి పిలిచింది. ఇలాగైతే తీసుకెళ్లలేను, మిగతా అయిదుగురి సంగతీ చూడాలి కదా అంది. ఒళ్లు మండింది. కానీ తను అన్నది న్యాయమే.

బుజ్జగించేకొద్దీ ఇంకా అతుక్కుంటోంది. ప్రేమగా ఉంటే చచ్చినా వెళ్లదు. సరే. దానికి నా మీద కోపం తెప్పించాలి.

ఆగస్టు 14. శుక్రవారం, సాయంత్రం

మావాళ్ల ఇళ్లలో ప్రతి శుక్రవారం పొద్దుగూకేటప్పుడు పిల్లల తల మీద చేతులు పెట్టి దీవిస్తాం. గూర్స్ బురదలో, కొవ్వొత్తి లేకపోయినా, ఒక్క వారం మానలేదు. ఇవాళ తిల్లీ ఎప్పట్లాగే తల వంచి నా ముందు నిలబడింది. నేను పక్కకి జరిగి, పక్క మంచం వాళ్ల రూత్‌ని దీవించాను. దీవెన మొత్తం చదివాను, నెమ్మదిగా. తిల్లీ తల వంచుకునే ఉంది. తన వంతు వస్తుందనుకుంది.

నేను వెళ్లి పడుకున్నాను.

ఫ్రీడా అత్త పై మంచం దిగొచ్చి నన్ను దులిపేసింది. జర్మనీలో, మాన్‌హైమ్‌లో మా వీధావిడే, నోరు పెద్దది. "నీకేం పోయేకాలమే హెర్తా? కన్నతల్లివేనా నువ్వు?" అంది. చెవిలో సంగతి చెప్పాను. ఆవిడ నా మంచం అంచున కూర్చుంది. చేసేదేదో సరిగ్గా చెయ్యి, సగం సగం చెయ్యకు అంది.

ఆగస్టు 15

తిల్లీ నాతో మాట్లాడటం మానేసింది. కానీ నేనెటు వెళ్తే అటే చూస్తోంది. చాలదు.

ఆగస్టు 16

తిల్లీ సూపులో క్యారట్ ముక్క తగిలింది. ఇక్కడ అదో పండగ. తినకుండా గుప్పిట్లో దాచి నా దగ్గరికి తెచ్చింది. అలిగిందీ తనే, రాజీకి వచ్చిందీ తనే. తీసుకుని రూత్‌కి ఇచ్చేశాను.

ఏడవలేదు. నేనంటే నీకిష్టం లేదా అని అడిగింది.

"నువ్వెళ్లిపోతే నీ రొట్టె కూడా నాకే వస్తుంది," అన్నాను.

ఈ నోటితోనే అన్నాను. తిల్లీ నన్ను ఎగాదిగా చూసింది. "ఐతే వెళ్తా. నువ్వు మాత్రం రావద్దు," అంది.

గుడిసె వెనక్కి వెళ్లి నిలబడ్డాను. గాలికి దుమ్మంతా నోట్లోకి కొట్టింది. లోపలికొచ్చి దాని గౌను ఉతికి ఆరేశాను.

ఆగస్టు 17. సోమవారం, ఉదయం

వెళ్లిపోయింది. తనే లారీ ఎక్కింది. ఒడిల్ చెయ్యి అందిస్తే అక్కర్లేదంది. గార్డు పైకెక్కి ఒక్కొక్కరి మొహంలోకి చూశాడు. రూత్ కూడా అందులోనే ఉంది, పాపం దాని పెదవి వణికింది. తిల్లీ మోచేత్తో ఒక్కటి పొడిచింది. గార్డు దిగిపోయాడు. గేటు తెరిచారు.

వెనక్కి తిరిగి చూడలేదు. నేను కోరుకున్నదే. అయినా చూస్తుందేమోనని ధూళి కనబడేంతసేపూ నిలబడ్డాను.

ఆగస్టు 19

ఒడిల్ వచ్చింది. ఆరుగురూ క్షేమం. తిల్లీ రెండు గ్లాసుల పాలు తాగిందట. మా అమ్మ చెడ్డదని అందరికీ చెబుతోందట. నవ్వొచ్చింది, ఆ నవ్వు ఆగక ఏడుపైంది. ఒడిల్ కూడా కళ్లు తుడుచుకుని, అసలు సంగతి దానికి నేను చెబుతాను, ఏం చెప్పమంటారో చెప్పండి అంది.

నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చెబితే ఏమవుతుంది? అమ్మ కావాలంటుంది. వెనక్కి పంపమని ఇల్లు పీకి పందిరేస్తుంది. దాని సంగతి నాకు తెలుసు.

"ఏమీ చెప్పొద్దు," అన్నాను.

పెద్దయ్యాకైనా చెప్పనా అంది. నేనుంటే నేనే చెప్పుకుంటా అన్నాను.

ఆగస్టు 22. శనివారం

పొద్దున అందర్నీ ఎండలో నిలబెట్టి, ట్రైను ఎక్కాల్సిన వాళ్ల పేర్లు చదివారు. నా పేరు చదివారు. పలికాను.

తిల్లీ పేరు చదివారు. మళ్లీ చదివారు.

ఎవరూ పలకలేదు.